గూటి లోపలిది జపాన్‌లో చిరుతిండి



మనం మార్కెట్‌కు 100 కిలోల బైవోల్టిన్ గూళ్లు తీసుకెళ్తే పట్టు పొర 20 కిలోలకు కాస్త అటూ ఇటూ. మిగతా బరువంతా ప్యూపాదే. దారం తీశాక అది నూనెకో, కోళ్ల మేతకో, చేపల మేతకో పోతుంది. మన కంట పడదు.

జపాన్‌లో నాగానో అనే కొండ ప్రాంతం ఉంది. మన హోసూరు, కృష్ణగిరి పల్లెల్లాగే ఒకప్పుడు అక్కడా ఊరూరా పట్టుపురుగులు మేపేవాళ్లు. సముద్రం లేదు, చేప అరుదు. అందుకే ప్యూపాను సోయా సాస్, చక్కెరతో నీరు ఇంకేదాకా ఉడికించి అన్నంలో నంజుకున్నారు. దాన్ని 'త్సుకుదాని' అంటారు. మిడతల్ని, ఏటి రాళ్ల కింద పురుగుల్ని కూడా అలాగే వండుతారు. ఇది మనకు మరీ దూరం మాట కాదు. మన అస్సాంలోనూ ఎరి ప్యూపాను ఇష్టంగా తింటారు. 1991లో మొదలైన జపాన్ సహకారంతోనే మైసూరులో మన సీఎస్ఆర్ రకాలు తయారయ్యాయి.

సరే, మేమూ చేసి చూశాం. రోగం తగలని బ్యాచ్‌లోంచి పిడికెడు మంచి గూళ్లు కోసి, ప్యూపా కడిగి, రెండుసార్లు ఉడకబెట్టి, సోయా సాస్, బెల్లం, అల్లం వేశాం. పొయ్యి మీద వాసన లేచేసరికి చంద్రికల నుంచి గూళ్లు విడిపించే రోజు గుర్తొచ్చింది. పైన పలచని తొక్క, లోపల ఉడికిన వేరుశనగలా మెత్తగా ఉంది. కొందరం రెండోసారి తీసుకున్నాం. మా ఇంటి పెద్దమ్మ మాత్రం "బిడ్డల్లా మేపి తింటార్రా?" అని లేచి వెళ్లిపోయింది. ఆమెకు జవాబు చెప్పలేకపోయాం. దారం కోసమైనా దాని ప్రాణం పోయేదే కదా అని మాత్రం అనుకున్నాం.

ఎండిన ప్యూపాలో సగం దాకా ప్రొటీనే. అయినా నాలుగు జాగ్రత్తలు:

• రీలింగ్ యూనిట్‌లో నిలవ ఉన్న, కంపు కొట్టే ప్యూపా తినొద్దు.
• రోగం వచ్చిన బ్యాచ్‌ది, మందు అవశేషం ఉందనే అనుమానం ఉన్నది ముట్టొద్దు.
• రొయ్యలు పడనివాళ్లు దూరంగా ఉండండి.
• ఆహార భద్రతా అనుమతి లేకుండా తిండిగా అమ్మొద్దు.

తినడం, మానడం ఎవరిష్టం వారిది. కానీ గూటి బరువులో ఐదింట నాలుగు వంతులున్నదాన్ని చెత్త అనుకోవద్దు. ఈసారి గూళ్లు తూచేటప్పుడు ఈ లెక్క గుర్తు పెట్టుకోండి.