అనుమతి ఉన్న హ్యాకర్

పక్క క్వార్టర్ అంకుల్ వైఫై పాస్‌వర్డ్ ఆయన స్కూటర్ నంబరేనని పోయినేడాది నేను కనిపెట్టాను. నాన్న మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లి అంకుల్‌కి నా చేతే ఆ సంగతి చెప్పించారు. అంకుల్ నవ్వి పాస్‌వర్డ్ మార్చుకున్నారు. నేను మాత్రం తలెత్తలేకపోయాను. విదేశాల్లో ఎథికల్ హ్యాకింగ్ చదవాలన్న కోరిక ఉండటంతో, ఆ తర్వాత దాని గురించి కొంచెం శ్రద్ధగా చదివాను.

ఎథికల్ హ్యాకర్ చేసే పనీ, దొంగ హ్యాకర్ చేసే పనీ పైకి ఒకేలా ఉంటాయి. ఇద్దరూ నెట్‌వర్క్‌లో ఏ తలుపు తెరిచి ఉందో వెతుకుతారు. ఎన్‌మ్యాప్, వైర్‌షార్క్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇద్దరికీ పనికొస్తాయి. తేడా అంతా అనుమతిలోనే ఉంది. ఏ కంప్యూటర్లను, ఏ తేదీల్లో, ఎంతవరకు పరీక్షించవచ్చో వాటి యజమాని ముందే రాసి ఇవ్వాలి. మన ఐటీ చట్టం 2000 ప్రకారం, మోసపు ఉద్దేశంతో ఇతరుల కంప్యూటర్‌లోకి చొరబడితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బ్రిటన్‌లో 1990 నాటి చట్టం ప్రకారం, అనుమతి లేదని తెలిసీ చొరబడటమే నేరం. పరాయి దేశంలో కేసు పడితే చదువే కాదు, వీసా కూడా చిక్కుల్లో పడుతుంది.

ఈ చదువుకి అమెరికా, బ్రిటన్‌లే గతి కాదు. ఎస్టోనియా అనే చిన్న దేశం ఉంది. జనాభా 13 లక్షలకు పైనే. 2007లో అక్కడి బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ వెబ్‌సైట్ల మీద పెద్ద దాడి జరిగింది. బస్సు తలుపు దగ్గర వందమంది ఒక్కసారిగా తోసుకుంటే టికెట్ ఉన్నవాడు కూడా ఎక్కలేడు కదా, అలాంటి దాడి అది. మరుసటి ఏడాదే రాజధాని టాలిన్‌లో నాటో సైబర్ రక్షణ కేంద్రం వచ్చింది. ఇప్పుడు టాలిన్ టెక్నాలజీ విశ్వవిద్యాలయం, టార్టు విశ్వవిద్యాలయం కలిసి సైబర్ సెక్యూరిటీలో రెండేళ్ల మాస్టర్స్ కోర్సు ఇంగ్లీషులో నడుపుతున్నాయి. దెబ్బ తిన్న చోటే ఆ విద్య నేర్చుకోవడం నాకు బాగా నచ్చింది.

అయితే ఎక్కడ చదివినా విదేశీ విద్యార్థికి ఒక గేటు అడ్డం వస్తుంది. నాన్నగారి ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ ఎలా జరుగుతుందో మనలో చాలామందికి తెలుసు. అలాంటిదే ఇది కూడా. అమెరికాలో రక్షణ రహస్యాలతో ముడిపడ్డ ఉద్యోగాలు సాధారణంగా పౌరులకే ఇస్తారు. సైబర్‌కోర్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ కూడా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. కాబట్టి మనకు ఎక్కువగా మిగిలేవి బ్యాంకులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు, ఆసుపత్రుల వంటి చోట్ల ఉద్యోగాలు. లక్షల రూపాయల అప్పు చేసి విమానం ఎక్కాక తెలుసుకోవలసిన సంగతి కాదిది. కాలేజీ ర్యాంకు కంటే ముందు అడగవలసిన ప్రశ్న, అక్కడ చదివిన విదేశీయులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారని.

అందాకా చేయగలిగింది ఇక్కడే ఉంది. పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లో సమాజం, చట్టం, నైతికత అనే భాగం ఉంది. పైథాన్ హడావిడిలో మనం దాటేసేది దాన్నే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నడిపే పికోసీటీఎఫ్ పోటీలో కావాలనే లోపాలు పెట్టి, వాటిని ఛేదించమంటారు. అది ఉచితం, పైగా అనుమతి ఉన్న ఆట. నేను అందులో మొదటి మూడు ప్రశ్నలు దాటాను. నాలుగోది ఇంకా తేలలేదు.