‘బ్రేక్’ అను ఒక చిన్న మాట

కంప్యూటరు చేయు పనులలో అధిక భాగము ఒకే పనిని పలుమార్లు చేయుటయే. దీనినే లూపు అందురు. లూపును ప్రారంభించుట ఎంత ముఖ్యమో, తగిన సమయమున దానినుండి వెలుపలికి వచ్చుటయు అంతే ముఖ్యము. విద్యార్థులు తరచుగా పొరబడు ఈ విషయమును సంగ్రహముగా వివరింపదలచితిమి.

500 పేర్లు గల హాజరు పట్టికలో ఒక పేరును వెదకుచున్నామనుకొందము. అది 7వ వరుసలోనే దొరికినచో, మిగిలిన 493 పేర్లను చదువుట వృథా శ్రమ. అక్కడనే లూపును విడువుమని ఆజ్ఞాపించు మాటయే ‘బ్రేక్’. 1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించిన సి భాషలో ఈ మాటకు మరియొక పని కూడ కలదు. ఒక విలువనుబట్టి పలు మార్గములలో ఒకదానిని ఎన్నుకొను ‘స్విచ్’లో, ప్రతి మార్గము చివర బ్రేక్ ఉండవలెను. అది లేనిచో ప్రోగ్రాము తరువాతి మార్గములోనికి జారిపోవును. ప్రథమ శ్రేణి పొందిన విద్యార్థికి వరుసగా ద్వితీయ, తృతీయ శ్రేణులను, చివరకు అనుత్తీర్ణతను కూడ ప్రకటించును!

ఇచట ఒక నియమమును మరువరాదు. బ్రేక్ తనకు అతి సమీపమున నున్న లూపును గాని స్విచ్‌ను గాని మాత్రమే విడుచును. గది దాటినంతనే హాస్టలు గేటు దాటినట్లు కాదు గదా! లూపులోపలి స్విచ్‌లో బ్రేక్ వ్రాసినచో స్విచ్ ముగియును, లూపు సాగుచునే యుండును. ‘ఇఫ్’ అనునది ఈ లెక్కలోనికి రాదు.

ఈ నియమమును విస్మరించిన ఫలితమును 1990 జనవరి 15న అమెరికా చవిచూచినది. ఏటీ అండ్ టీ సంస్థ 1989 డిసెంబరులో తన టెలిఫోను ఎక్స్ఛేంజిలలో కొత్త ప్రోగ్రామును చేర్చినది. అందు స్విచ్‌లోపలి ‘ఇఫ్’ భాగమున ఒక బ్రేక్ ఉండెను. ‘ఇఫ్’ను మాత్రమే దాటవలసిన ప్రోగ్రాము స్విచ్ మొత్తమును విడిచిపోగా సమాచారము చెడిపోయినది, ఎక్స్ఛేంజి ఆగి, తిరిగి ప్రారంభమైనది. అది కోలుకొని పంపిన సందేశములే పొరుగు ఎక్స్ఛేంజిలను అదే దోషమునకు గురిచేసినవి. ఇట్లు 114 ఎక్స్ఛేంజిలు దాదాపు 9 గంటలు తల్లడిల్లినవి; దూరప్రాంతపు కాల్స్‌లో సుమారు సగము విఫలమైనవి. సి భాష పుట్టిన ప్రయోగశాల ఆనాడు ఆ సంస్థదే యగుట గమనార్హము.

ఒకటికి మించిన లూపులను ఒకేసారి దాటవలసినచో మార్గములు లేకపోలేదు. ఆ పనిని ప్రత్యేక ఫంక్షనుగా వ్రాసి ‘రిటర్న్’తో వెడలవచ్చును. లేదా ఒక గుర్తును నిలిపి, బయటి లూపు దానిని పరీక్షించునట్లు చేయవచ్చును. జావా భాషలో లూపునకు పేరు పెట్టి, ఆ పేరుతో బ్రేక్ చెప్పవచ్చును.

కావున బ్రేక్ వ్రాయుటకు ముందు, ‘ఇచట మేము దాటుచున్న గడప ఏది?’ అని ప్రశ్నించుకొనుడని విద్యార్థులకు మా మనవి. ఆ ప్రశ్నకు క్షణకాలము చాలును. దానిని విడిచినందుకు చెల్లింపవలసిన మూల్యమును పైన చూచితిమి.