800 ఏళ్ల నాటి ఆ చేతిరాత చూశాక.. అన్నను ఒక ఉత్తరం అడిగా!

పోయిన వారం రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఒక ఉత్తరం చూశా. వాట్సాప్‌లో వచ్చింది కాదు. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఈజిప్టులో ఒకాయన తన చేత్తో రాసింది. అసలు కాగితం ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఉంది. దాన్ని ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టారు. వేళ్లతో జూమ్ చేస్తే గొలుసుకట్టు రాత. ఒక్క అక్షరం కూడా నాకు అర్థం కాదు. కానీ రాసిన మనిషి తొందరలో ఉన్నాడని మాత్రం తెలిసిపోతోంది!

ఆయన పేరు మోషే బెన్ మైమోన్. ప్రపంచానికి మైమోనిడిస్‌గా తెలుసు. యూదుల మతగురువుల్ని రబ్బీలంటారు కదా, వాళ్లలో ఈయనంత పేరున్న పండితులు చాలా తక్కువ. పుట్టింది స్పెయిన్‌లోని కార్డోబాలో. అక్కడి పాలకుల మత వేధింపుల వల్ల కుటుంబం ఊళ్లు మారుతూ, మొరాకో మీదుగా చివరికి ఈజిప్టు చేరింది. యూదుల ధర్మశాస్త్రం మొత్తాన్ని 14 భాగాలుగా క్రోడీకరించారు. తత్వశాస్త్రం రాశారు. పైగా డాక్టర్! సుల్తాన్ సలాదీన్ ఆస్థానంలో పెద్దలకు వైద్యం చేశారు. 1204లో కన్నుమూశారు.

మరి అంతటి పండితుడి ఉత్తరంలో ఏముంటుంది? వేదాంతం ఉంటుందనుకున్నా. తీరా చూస్తే.. పన్ను గొడవ!

పన్ను కట్టలేని మనిషి కోసం..

మొరాకో వైపు నుంచి వచ్చిన ఐజాక్ అనే మనిషి, అతని కొడుకు తలపన్ను కట్టాలి. అప్పట్లో ముస్లిం పాలనలో ఇతర మతాల మగవాళ్లంతా ఏటా కట్టాల్సిన పన్ను అది. కట్టలేకపోతే జైలు భయం. రసీదు దగ్గర లేకపోతే ప్రయాణాల్లో ఆపేసేవారు. ఐజాక్ దగ్గరేమో డబ్బుల్లేవు. ఇతను మనకు తెలిసినవాడు, మీ ఊళ్లో నలుగురి దగ్గరా వసూలు చేసి ఇతనికి సాయం చేయండని మైమోనిడిస్ ఇంకో ఊరి పెద్దకు రాశారు. అంతే ఉత్తరం.

మన దగ్గర కూడా ఎమ్మెల్యే లెటర్ పట్టుకుని ఆస్పత్రికి వెళ్తారు చూడండి.. అచ్చం అలాంటిదే. కాకపోతే దీన్ని పీఏ టైప్ చేయలేదు. పెద్దాయనే కూర్చుని రాశారు.

ఆయనకు తీరికేమీ లేదు. చివరి రోజుల్లో తన దినచర్య గురించి ఒకరికి రాశారు. పొద్దున్నే ఫుస్తాత్ నుంచి కైరో కోటకు వెళ్లాలి. అక్కడి రోగుల్ని చూసి మధ్యాహ్నం దాటాక ఆకలితో ఇల్లు చేరితే.. వరండా నిండా జనం! వాళ్లందరికీ మందులు రాసేసరికి రాత్రయ్యేది. ఒక్కోసారి నీరసంతో పడుకునే మాట్లాడేవారట. ఇంత పనిలో ఉన్న మనిషి ఎవరో ఐజాక్ పన్ను కోసం కలం పట్టారు.

ధర్మ సందేహాలు అడుగుతూ జనం పంపిన కాగితాలు కూడా కొన్ని దొరికాయి. పైన ప్రశ్న.. అదే కాగితం మీద కింద ఆయన చేతిరాతలో జవాబు. చివర్లో ‘మోషే రాశాడు’ అని సంతకం. మనం మెసేజ్ కిందే రిప్లై కొట్టినట్టన్నమాట!

చిత్తు కాగితాల గది

ఇన్నేళ్లు ఈ కాగితాలు ఎలా మిగిలాయి? పుస్తకానికి కాలు తగిలితే మనం కళ్లకద్దుకుంటాం కదా, యూదులకూ రాత అంటే అలాంటి భక్తే. దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదు. అందుకే పాతబడ్డ కాగితాల కోసం ప్రార్థనా మందిరంలో విడిగా ఒక గది పెట్టేవాళ్లు. దాన్ని గెనిజా అంటారు. ఫుస్తాత్‌లోని బెన్ ఎజ్రా మందిరం వాళ్లైతే ఉత్తరాలు, పెళ్లి పత్రాలు, సరుకుల లెక్కలు, పిల్లలు అక్షరాలు దిద్దుకున్న కాగితాలు.. అన్నీ అందులోనే వేశారు. ఈజిప్టు పొడి వాతావరణం వల్ల అవి కుళ్లిపోలేదు. 1896లో కేంబ్రిడ్జ్ పండితుడు సాలమన్ షెక్టర్ అక్కడికి వెళ్లి పెట్టెలకు పెట్టెలు తీసుకొచ్చారు. ఇప్పుడు ఒక్క కేంబ్రిడ్జ్‌లోనే దాదాపు 1,93,000 ముక్కలున్నాయి.

ఆ గదిలో మన దేశం కూడా ఉంది. మంగళూరులో ఏళ్ల తరబడి ఉండి వ్యాపారం చేసిన అబ్రహాం బెన్ యిజూ అనే యూదు వర్తకుడి ఉత్తరాలు అక్కడే దొరికాయి. అమితావ్ ఘోష్ 1992లో ‘ఇన్ యాన్ యాంటిక్ ల్యాండ్’ రాసింది వాటి వెంట వెళ్లే.

కానీ నన్ను పట్టేసింది ఇంకో ఉత్తరం.

ఇండియాకు బయల్దేరిన తమ్ముడు

మైమోనిడిస్‌కు డేవిడ్ అని ఒక తమ్ముడు. తమ్ముడు వ్యాపారం చేసి తెస్తే, అన్న నిశ్చింతగా చదువుకునేవారు. 1170 ప్రాంతంలో డేవిడ్ ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న ఐధాబ్ రేవు నుంచి అన్నకు ఉత్తరం రాశాడు. తెలియక బిడారును వదిలేసి, ఇంకొక్కరితో కలిసి ఎడారి దాటాడట. బతికి బయటపడ్డాడు. వెనకొచ్చిన బిడారునేమో దొంగలు దోచేశారు. కొందరు చనిపోయారు కూడా. ఇంతా చేసి ఐధాబ్ చేరితే కొనడానికి నీలిమందు తప్ప ఏమీ లేదు. అందుకే ఓడెక్కి ఇండియా వెళ్తున్నా, ఎడారిలో కాపాడిన దేవుడు సముద్రంలోనూ కాపాడతాడు, ఇంట్లోవాళ్లకు ధైర్యం చెప్పమని అన్నను అడిగాడు.

డేవిడ్ మళ్లీ ఇంటికి రాలేదు. హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. అతనితోపాటే ఇంటి డబ్బు, వేరేవాళ్లు నమ్మి ఇచ్చిన డబ్బు కూడా. భార్య, చిన్న కూతురు మిగిలారు.

చాన్నాళ్ల తర్వాత అక్రే నగరంలోని ఒక న్యాయాధికారి మైమోనిడిస్ మీద అలిగారు. నా యోగక్షేమాలైనా అడగలేదేమని. ఈయన జవాబులో మనసు విప్పేశారు. తమ్ముడి వార్త విన్నాక దాదాపు ఏడాదిపాటు జ్వరంతో మంచానపడ్డానని, ఎనిమిదేళ్లైనా ఆ దుఃఖం తీరలేదని రాశారు. వాడు నా ఒళ్లో పెరిగాడు, నా శిష్యుడు కూడా అన్నారు. ఇప్పటికీ వాడి చేతిరాత కనిపిస్తే గుండె తరుక్కుపోతుందన్నారు.

ఇక్కడ నేను ఆగిపోయా. అన్ని వేల పేజీలు చదివిన, రాసిన మనిషి! ఆయన్ని కుదిపేసింది తమ్ముడి నాలుగు అక్షరాలు. ఐధాబ్ ఉత్తరం కూడా ఆ గెనిజా గదిలోనే దొరికింది. ఆయన మళ్లీ మళ్లీ చూసుకున్న రాతల్లో ఇదీ ఒకటేమో!

అన్నా, ఒక ఉత్తరం రాయవా?

మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. మా అన్న ఆరేళ్లుగా మస్కట్‌లో పనిచేస్తున్నాడు. నా డిగ్రీ ఫీజులన్నీ అన్న పంపినవే. మా ఇంట్లో సముద్రం దాటింది అన్న, కూర్చుని చదువుకుంది నేను. రోజూ వీడియో కాల్ మాట్లాడుకుంటాం. వాయిస్ మెసేజ్‌లు వందలున్నాయి. కానీ అన్న చేతిరాత ఎలా ఉంటుందని ఆలోచిస్తే.. గుర్తు రాలేదు!

మర్నాడు ఫోన్ చేసి అడిగా. “ఉత్తరమా? ఏమైందిరా నీకు? మంచిగనే ఉన్నవా?” అని నవ్వాడు. సిగ్గేసి ఆ మాట వదిలేశా.

మూడు రోజుల తర్వాత ఫొటో వచ్చింది. ఏదో బిల్లు వెనకవైపు బ్లూ పెన్‌తో ఐదు లైన్లు. అక్షరాలు కుడివైపుకు ఒరిగి ఉన్నాయి, మా నాన్నవి కూడా అంతే. రాసిందేమిటంటే.. కరెంటు బిల్లు కట్టిండ్రా, అమ్మ బీపీ గోలీలు అయిపోక ముందే తే, ఎండల బండి మీద తిరగకు.

కాగితం పారేయకు, వచ్చేటప్పుడు పట్టుకురా అని రిప్లై ఇచ్చా. బొటనవేలు ఎమోజీ పెట్టాడు.