ప్రయాణికుల్ని ‘పుట్టించిన’ స్టేషన్!

ఎక్కడైనా ముందు ఊళ్లుంటాయి, తరవాత రైలొస్తుంది. జపాన్‌లోని ఒసాకా శివార్లలో మాత్రం ముందు రైలొచ్చింది... ఆ తరవాతే కాలనీలు వెలిశాయి! ఆ కథకు కేంద్రం నగరం నడిబొడ్డున ఉన్న హన్‌క్యూ కంపెనీవారి ఉమెదా స్టేషన్.

1910 మార్చిలో అక్కణ్నుంచి రైళ్లు మొదలైనప్పుడు చాలామంది పెదవి విరిచారు. కారణం- ఆ లైను వెళ్లేది పెద్ద నగరానికేమీ కాదు. పొలాల మీదుగా మినో కొండలకీ, వేడినీటి బుగ్గలుండే తకరజుకా అనే చిన్న ఊరికీ. మరి ఎక్కేదెవరు?

కంపెనీని నడిపిస్తున్న కొబయాషి ఇచిజో అంతకుముందు బ్యాంకు ఉద్యోగి. ప్రయాణికులు లేకపోతే మనమే తయారుచేసుకుందాం అనుకున్నాడతను. లైను పక్కన చవగ్గా భూములు కొన్నాడు. ఇకెదాలో ఇళ్లు కట్టించి, ఉద్యోగులకు పదేళ్ల వాయిదాల మీద అమ్మాడు. అలా పొద్దున్నే నగరానికి వచ్చేవాళ్లు దొరికారు.

మరి సెలవురోజుల్లో? మినోలో జంతుప్రదర్శనశాల, తకరజుకాలో స్నానశాలలు తెరిచాడు. అక్కడి ఈతకొలనులో నీళ్లు మరీ చల్లగా ఉండటంతో జనం దిగలేదు. అయినా నిరాశపడలేదు. కొలను మీద బల్లలు పరిపించి, ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, 1914లో అమ్మాయిలతో సంగీత నాటకాలు వేయించాడు. అన్ని పాత్రలూ స్త్రీలే వేసే ‘తకరజుకా రెవ్యూ’ అలా మొదలైందే. అది నేటికీ కొనసాగుతోంది.

ఇక, 1929లో ఉమెదా స్టేషన్‌లోనే ఎనిమిది అంతస్తుల డిపార్ట్‌మెంట్ స్టోరు తెరిచాడు. రైలు కంపెనీ సొంతంగా నడిపిన అలాంటి దుకాణం జపాన్‌లో అదే మొదటిది. అక్కడి భోజనశాలలో కర్రీ రైస్‌కి భలే గిరాకీ. అంతలోనే ఆర్థికమాంద్యం వచ్చిపడింది. కూరకు డబ్బుల్లేనివాళ్లు ఉత్త అన్నం తెప్పించుకుని, బల్లమీదున్న సాస్ పోసుకుని తినేవారు. ఇంకెవరైనా అయితే ‘ఇక్కడ కుదరదు’ అనేవారేమో! కొబయాషి మాత్రం అన్నం ఒక్కటే తినేవారికీ స్వాగతమంటూ ప్రకటన పెట్టించాడట. ఈరోజు చేతిలో డబ్బు లేకపోవచ్చు... రేపు పెళ్లాంపిల్లల్ని వెంటబెట్టుకుని వాళ్లు మళ్లీ ఇక్కడికే వస్తారన్నది అతని నమ్మకం.

కొబయాషి 1957లో కన్నుమూశాడు. స్థలం చాలక స్టేషన్‌ని కాస్త ఉత్తరానికి జరిపి, 1973 నాటికి తొమ్మిది లైన్లతో విస్తరించారు. 2019లో పేరు ‘ఒసాకా-ఉమెదా’గా మారింది. పెదవి విరిచిన ఆ లైనులో ముదురు మెరూన్ రంగు రైళ్లు ఇప్పటికీ జనంతో నడుస్తూనే ఉన్నాయి. ఉత్త అన్నం తిన్నవాణ్నీ అతిథిగానే చూసిన మనిషి లెక్క... తప్పలేదు మరి!