స్టెంట్ వేశాక ప్లేట్‌లెట్లు ఏం చేస్తాయి?

ప్లేట్‌లెట్లు అనగానే మనకు డెంగీ జ్వరం గుర్తొస్తుంది. 1,50,000 కంటే తగ్గాయేమోనని ఇంటిల్లిపాదీ రిపోర్టు పట్టుకుని బెంగపడతాం. గుండె రక్తనాళంలో స్టెంట్ వేయించుకున్నవారి విషయంలో మాత్రం వాటి లెక్క కన్నా వాటి పనితీరు ముఖ్యం.

రక్తనాళం ఎక్కడ తెగినా ముందుగా చేరేవి ప్లేట్‌లెట్లే. గాయానికి అతుక్కుని, తోటివాటిని పిలిచే రసాయనాలు వదిలి, గుంపుగా పేరుకుంటాయి. కూరగాయలు తరుగుతూ వేలు కోసుకుంటే కాసేపటికి రక్తం ఆగేది వాటి చలవే. అయితే కత్తిపీట గాటుకూ, డాక్టరు బెలూన్‌కూ తేడా వాటికి తెలియదు.

యాంజియోప్లాస్టీలో మణికట్టు నుంచో, తొడ దగ్గర నుంచో సన్నని గొట్టాన్ని గుండె ధమని దాకా పంపి, పూడిక ఉన్నచోట బెలూన్‌ను ఉబ్బిస్తారు. పూడిక పక్కకు ఒత్తుకుని దారి తెరుచుకుంటుంది. కానీ ఆ ఒత్తిడికి రక్తనాళం లోపలి నున్నని పొర అక్కడక్కడా చిరుగుతుంది. ప్లేట్‌లెట్లకు అది గాయమే. పైగా అక్కడ నిలిపే స్టెంట్ ఒక లోహపు జాలీ, రక్తానికి పరాయి వస్తువు. అందుకే దారి తెరిచిన చోటే కొంతకాలం గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది.

1977లో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రూంట్జిగ్ అనే డాక్టరు గుండె ధమనిలో మొదటిసారి ఈ బెలూన్ చికిత్స చేశారు. 1986లో స్టెంట్లు వచ్చాయి. తొలి రోజుల్లో వాటిలో గడ్డలు కట్టడం పెద్ద బెడద. వార్ఫరిన్ వంటి మందులు గట్టిగా ఇచ్చినా గడ్డలు పూర్తిగా ఆగలేదు, రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. 1990లలో ఆస్పిరిన్‌కు టిక్లోపిడిన్ అనే మాత్ర జోడించాక గానీ పరిస్థితి మారలేదు. ఆ రెండూ ప్లేట్‌లెట్ల మీద పనిచేసే మందులే. ఇప్పుడు టిక్లోపిడిన్ బదులు క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్‌లలో ఒకటి ఇస్తున్నారు.

ఈ మాత్రలు ప్లేట్‌లెట్లను చంపవు, ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతాయి. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ, అంటే వారం పది రోజులూ, మందకొడిగానే ఉంటుంది. కానీ ఎముక మజ్జలో రోజూ కొత్తవి పుడుతూనే ఉంటాయి. మాత్ర కూడా రోజూ పడాల్సింది అందుకే.

ఎన్నాళ్లు? స్టెంట్ మీద లోపలి పొర తిరిగి పెరిగేదాకా రెండు మాత్రలూ కావాలి. సాధారణంగా 6 నెలలు, గుండెపోటు వచ్చినవారికి ఏడాది. రక్తస్రావం భయం ఉన్నవారికి డాక్టరు ఇంకా తగ్గించవచ్చు. ఆ తర్వాత చాలామందికి ఒక మాత్ర కొనసాగుతుంది.

చిక్కంతా ఇక్కడే. ఒంట్లో బాగానే ఉందనో, కడుపులో మంటగా ఉందనో, పన్ను పీకించుకోవాలనో కొందరు తమంతట తామే మాత్రలు ఆపేస్తారు. మొదటి నెలల్లో అలా ఆపితే స్టెంట్ హఠాత్తుగా మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. పన్ను తీయడం మామూలుగా మాత్రలు ఆపకుండానే జరుగుతుంది. మీకు స్టెంట్ ఉందని పళ్ల డాక్టరుకు ముందే చెప్పండి. కడుపు మంటకు వేరే మందు ఉంది, అడగండి.

చర్మం మీద చిన్న కమిలిన మచ్చలు, పళ్లు తోముకున్నప్పుడు కాస్త రక్తం కనబడటం ఈ మాత్రలతో మామూలే. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా, తలకు దెబ్బ తగిలినా ఆలస్యం చేయక మందుల చీటీతో ఆసుపత్రికి రండి. మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో అడిగి ఐబూప్రోఫెన్ వంటివి వేసుకోవద్దు. అవి రక్తస్రావాన్ని పెంచుతాయి, ఐబూప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ పనికీ అడ్డుపడుతుంది.