మెకానిక్ ముందు మొరాయించని కారు

ఉదయం తాళం తిప్పగానే కారు స్టార్ట్ అయింది. పది కిలోమీటర్లు వెళ్ళి, బజారులో పని చూసుకుని వచ్చి మళ్ళీ తిప్పితే 'టిక్' అని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. హెడ్‌లైట్లు మాత్రం చక్కగా వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. అరగంట తరవాత మెకానిక్ వచ్చి తాళం తిప్పాడు. కారు ఏమీ ఎరగనట్లు స్టార్ట్ అయింది! "బ్యాటరీ వీకండీ, మార్చేయండి" అన్నాడతను. మార్చారు. రెండు వారాలు బాగానే నడిచి మళ్ళీ 'టిక్'. ఈసారి సెల్ఫ్ మోటారు విప్పించి బాగుచేయించారు. నెల తిరక్కుండా మళ్ళీ అదే కథ.

అసలు స్టార్ట్ కాని కారును బాగుచేయడం అంత కష్టం కాదు. అప్పుడప్పుడు మాత్రమే మొరాయించే కారుతోనే చిక్కు. చలిజ్వరం రోగి డాక్టరు దగ్గరకు వెళ్ళేసరికి ఒళ్ళు చల్లబడిపోయినట్లు, పరీక్షించే సమయానికి లోపం కనబడదు. పైగా తప్పు వైద్యం కూడా కొన్నాళ్ళు పనిచేసినట్లే అనిపిస్తుంది. ఎందుకో అర్థం కావాలంటే స్కూల్లో చదువుకున్న ఓమ్ నియమం చాలు.

ఒక క్షణంలో 300 ఆంపియర్లు

తొలినాళ్ళలో కారు ఇంజన్‌ను చేత్తో హ్యాండిల్ పెట్టి తిప్పేవారు. అది వెనక్కు తన్ని చేతులు విరిగినవాళ్ళు ఎందరో. అమెరికన్ ఇంజనీరు చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ 1912లో కాడిలాక్ కార్లలో వచ్చాక ఆ బాధ తప్పింది. మనవాళ్ళు 'సెల్ఫ్' అని పిలిచేది దీన్నే.

నిశ్చలంగా ఉన్న ఇంజన్‌ను కదిలించడం చిన్న పని కాదు. ఒక చిన్న పెట్రోలు కారులో బ్యాటరీ, తీగలు, సెల్ఫ్ మోటారు అన్నీ కలిపి నిరోధం 0.04 ఓమ్‌లు అనుకుందాం. 12 వోల్టులను 0.04తో భాగిస్తే 300 ఆంపియర్లు. మోటారు తిరగడం మొదలుపెట్టే తొలి క్షణంలో ప్రవాహం ఈ స్థాయిలో ఉంటుంది. తిరిగే కొద్దీ తగ్గుతుంది.

ఇప్పుడు ఈ వలయంలో ఎక్కడో ఒక బోల్టు కింద తుప్పు పట్టి, మరో 0.04 ఓమ్‌ల నిరోధం చేరిందనుకోండి. మామూలు మల్టీమీటర్‌తో కొలిస్తే ఇంత చిన్న నిరోధం తెలియనే తెలియదు. కాని ప్రవాహం 150 ఆంపియర్లకు పడిపోతుంది. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులలో 6 ఆ బోల్టు దగ్గరే ఖర్చయిపోతాయి. అక్కడ పుట్టే వేడి 900 వాట్లు, అంటే దాదాపు ఒక ఇస్త్రీపెట్టె! మిగిలిన దానితో మోటారు ఇంజన్‌ను కదల్చలేదు.

మరి హెడ్‌లైట్లు ఎలా వెలిగాయి? 55 వాట్ల బల్బులు రెండూ కలిపి తీసుకునేది 9 ఆంపియర్లే. అదే తుప్పు వాటి దారిలో ఉన్నా తగ్గేది మూడో వంతు వోల్టు. కంటికి ఆనదు. కాబట్టి "లైట్లు బాగానే ఉన్నాయిగా" అనే వాదన సెల్ఫ్ విషయంలో చెల్లదు.

ఒకసారి పనిచేసి మరోసారి చేయకపోవడానికి కారణం కూడా ఆ తుప్పులోనే ఉంది. నున్నగా కనిపించే రెండు లోహపు ముఖాలు నిజానికి కొన్ని చిన్న చిన్న బిందువుల దగ్గరే తాకుతాయి. ఇంజన్ వేడికి, అదురుకు ఆ బిందువులు మారిపోతుంటాయి. దీనికి తోడు రాగి నిరోధం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.4 శాతం పెరుగుతుంది. 50 డిగ్రీలు వేడెక్కిన సెల్ఫ్ మోటారు చుట్టలో అది దాదాపు 20 శాతం. అందుకే పొద్దున్న ఒప్పుకున్న కారు మధ్యాహ్నం ఎండలో మొండికేస్తుంది. చల్లబడితే మళ్ళీ దారికొస్తుంది.

చప్పుడును వినండి

కారు మొరాయించినప్పుడు కంగారుపడి పదేపదే తాళం తిప్పకండి. ఆ రెండు నిమిషాలే అసలైన సాక్ష్యం. హెడ్‌లైట్లు వేసి, ఒక్కసారి తాళం తిప్పి గమనించండి.

'టకటకటక' అని వరసగా కొట్టుకుంటే చాలావరకు బ్యాటరీలో సత్తువ లేనట్లే. సొలినాయిడ్ లోపలికి లాగుతుంది, మోటారుకు ప్రవాహం వెళ్ళగానే వోల్టేజి పడిపోతుంది, సొలినాయిడ్ వదిలేస్తుంది, వోల్టేజి కోలుకుంటుంది, మళ్ళీ లాగుతుంది. ఒక్క 'టిక్'తో పాటు లైట్లు బాగా మసకబారితే బ్యాటరీని, దాని టెర్మినల్స్‌నూ అనుమానించాలి. 'టిక్' వచ్చినా లైట్లు తగ్గకపోతే పెద్ద ప్రవాహం అసలు పారడం లేదన్నమాట. లోపం లైట్ల దారిలో లేని చోట, అంటే సొలినాయిడ్ కాంటాక్టుల్లోనో, అరిగిన కార్బన్ బ్రష్షుల్లోనో, ఇంజన్ ఎర్తు వైరులోనో ఉంటుంది. ఏ చప్పుడూ లేకపోతే తాళం స్విచ్, రిలే, వాటి తీగలు చూడాలి.

ఇంజన్ గిరగిరా తిరుగుతూ అందుకోకపోతే అది వేరే జబ్బు. ఇంజెక్షన్ ఉన్న చాలా పెట్రోలు కార్లలో తాళం ఆన్ చేయగానే వెనక నుంచి పంపు రొద ఒకటి రెండు సెకన్లు వినిపిస్తుంది. అది లేకపోతే పంపు, దాని రిలే చూడాలి. అది వినిపించి, కారు వేడి మీద మాత్రమే మొరాయిస్తుంటే క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

తేదీ, ఎండ, ఎంత దూరం నడిచింది, చప్పుడు ఎలాంటిది, లైట్లు ఏమయ్యాయి అని ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే నాలుగైదుసార్లకు వరస బయటపడుతుంది. మెకానిక్‌కు "అప్పుడప్పుడు స్టార్ట్ కాదు" అనే మాటకన్నా ఆ కాగితం ఎంతో పనికొస్తుంది.

ప్రవాహం ఉన్నప్పుడే కొలవాలి

నిరోధాన్ని నేరుగా కొలవలేం గాని, అది తినేసే వోల్టులను కొలవవచ్చు. పూర్తిగా చార్జి అయి, కాసేపు ఊరికే ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6కన్నా కిందికి జారితే బ్యాటరీనో, సెల్ఫ్ మోటారునో అనుమానించాలి. జారకుండా ఉంటే బ్యాటరీ జోలికి పోనక్కరలేదు.

తరవాత మల్టీమీటర్‌ను 20 వోల్టుల డి.సి. దగ్గర పెట్టి, ఎర్ర పిన్ను ఇంజన్ లోహానికి, నల్ల పిన్ను బ్యాటరీ నెగెటివ్ మొలకకు తాకించి, మరొకరిని తాళం తిప్పమనండి. పిన్ను మొలకకే తాకాలి, దాని క్లాంపుకు కాదు. లేకపోతే ఆ అతుకు పరీక్షలోంచి తప్పించుకుంటుంది. మంచి కారులో 0.2, మహా అయితే 0.3 వోల్టులు కనిపిస్తాయి. అంతకన్నా ఎక్కువైతే ఒక్కో అతుకుకు అటూ ఇటూ తాకిస్తూ పోతే దొంగ దొరుకుతాడు. పాజిటివ్ వైపు తీగకూ ఇదే పద్ధతి. ఇది చేసేటప్పుడు గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి, చేతికి ఉంగరం, వాచీ ఉండకూడదు. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండవచ్చు కాబట్టి నిప్పురవ్వ రాకూడదు. టెర్మినల్స్ విప్పాల్సివస్తే నెగెటివ్ ముందు విప్పి, చివర బిగించాలి.

మొదట చెప్పిన కారు మొరాయించిన ఒక మధ్యాహ్నం ఇలాగే కొలిస్తే ఇంజన్‌కూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య 5 వోల్టుల పైనే కనిపించింది. గేరుబాక్సు నుంచి బాడీకి వెళ్ళే ఎర్తు వైరు బోల్టు కింద తుప్పు! కొత్త బ్యాటరీ అంతర్నిరోధం తక్కువ కాబట్టి ఆ తుప్పును మోస్తూనే రెండు వారాలు నెట్టుకొచ్చింది. సెల్ఫ్ విప్పినప్పుడు దారికి అడ్డమని ఆ బోల్టును తీసి మళ్ళీ బిగించారు. తుప్పు కాస్త రాలి, నెల రోజులు గడిచాయి. ఘనత మాత్రం సెల్ఫ్ మరమ్మత్తుకు దక్కింది.

బోల్టు విప్పి, ఎమరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీజు రాశారు. మళ్ళీ కొలిస్తే 0.1 వోల్టు. పాత బ్యాటరీ మాత్రం అప్పటికే దుకాణంలో మార్పిడికి వెళ్ళిపోయింది.