వినుటయే కాదు, చెప్పుట కూడ మన వంతే

రైతు సోదరులారా! మీ ఇంట రేడియో ఉన్నది, చేతిలో సెల్‌ఫోను ఉన్నది. వానరాకడ, ధరవరలు, పురుగుమందుల సంగతులు వినబడుచునే యున్నవి. కాని మీ పొలములో మీరు కనిపెట్టిన సంగతి ఎవరికి వినబడుచున్నది?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1956లో పూనా పరిసరములందలి 5 జిల్లాలలో 150 గ్రామములందు రేడియో గోష్ఠులు నెలకొల్పిరి. రైతులు ఒకచోట కూర్చుండి ప్రసంగము విని, చర్చించి, తమ ప్రశ్నలను రేడియో కేంద్రమునకు పంపెడివారు. అయినను మైకు మాత్రము పట్టణమందే యుండెను.

అది పల్లెకు చేరుటకు చాలకాలము పట్టినది. ఆకాశ తరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2006లో లాభాపేక్ష లేని సంఘములు, కృషి విజ్ఞాన కేంద్రములు సొంత రేడియో నడుపుకొనుటకు కేంద్ర ప్రభుత్వము వీలు కల్పించినది.

నేటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు ప్రాంతమున మాచునూరు గ్రామము గలదు. అచ్చట డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘములు, యునెస్కో సాయముతో, 1998 నాటికే రేడియో కేంద్రమును సిద్ధపరచుకొన్నవి. అనుమతి రాలేదు. వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కార్యక్రమములను టేపులపై రికార్డు చేసి సంఘ సమావేశములలో వినిపించిరి. పదేండ్లకు, 2008 అక్టోబరు 15న, 'సంఘం రేడియో' గాలిలోనికి వచ్చినది. దానిని నడుపువారు పెద్ద చదువులు లేని దళిత స్త్రీలు. జొన్న, కొర్ర, సామల సాగు, విత్తనము దాచు పద్ధతులు, ఆరోగ్యము, పాటలు, అన్నియు తమ యాసలోనే. పొరుగూరి రైతు చెప్పిన మాట రైతుకు ఇట్టే నచ్చును. ఏలయన, ఆ నేల, ఆ వాన తనవే గదా!

మరి మన ఊరిలో నేడే చేయదగిన పనులేవి?

యువకులారా! పక్షమునకొకసారి రచ్చబండ వద్ద కూడుడు. అనుభవశాలురైన రైతుల మాటలను సెల్‌ఫోనులో రికార్డు చేయుడు. తెగులు కనబడిన తేదీ, చేసిన చికిత్స, కలిగిన ఫలితము ఒక రిజిస్టరులో వ్రాయుడు. ఫోనులో వచ్చిన మందు మోతాదును వ్యవసాయాధికారిని అడుగక పదుగురికి పంపకుడు. ఒక్క తప్పు అంకె చేనంతటిని మాడ్చివేయగలదు.

గ్రామోద్యోగులారా! పథకముల జాబితాలను బల్లపై అంటించి ఊరకుండక, గ్రామసభలో చదివి వినిపింపుడు. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము పౌరుడడిగిన సమాచారమునకు సాధారణముగా 30 దినములలో జవాబీయవలెను. అడుగకముందే చెప్పినచో ఉభయులకును శ్రమ తప్పును.

విత్తనము గాదెలోనే యుండిన పుచ్చిపోవును, చల్లిననే పంట. తెలిసిన సంగతియు అంతే. మీ ఊరి మొదటి రిజిస్టరును ఈ వారముననే తెరువుడు.